కావేరి రేవులో ఏనుగు పాఠం

కొడగు జిల్లాలో కుశాలనగర్ దాటి పదిహేను కిలోమీటర్ల దాకా వెళ్తే కావేరి ఒడ్డున దారి ఆగిపోతుంది. అవతలి గట్టున దుబారె ఏనుగుల శిబిరం. నది నిండుగా ఉంటే పడవ ఎక్కాలి. ఎండాకాలంలో కావేరి బండల మధ్య పాయలుగా చీలిపోతుంది, అప్పుడు చెప్పులు చేత పట్టుకుని నడిచి దాటేవాళ్లూ కనిపిస్తారు. హైదరాబాదు, బెంగళూరుల నుంచి కూర్గ్ యాత్రకు వచ్చే తెలుగు కుటుంబాలు బైలకుప్పెలోని టిబెటన్ల బంగారు గుడినీ, దుబారెనూ ఒక్క పూటలో చుట్టబెట్టేస్తుంటాయి. ఫొటోలు దిగి వెనుదిరిగే ఆ కాస్సేపట్లోనే, గమనించేవారికి ఏనుగు శరీరం, చరిత్ర, స్వభావం మూడూ ఆ రేవులో కనిపిస్తాయి. ఈ అధ్యాయంలో వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

దుంగలు లాగిన కాలం

దుబారె మొదట పర్యాటక కేంద్రం కాదు. ఈ అడవుల్లో టేకు, మత్తి వంటి చెట్లను కొట్టి కలప తరలించే రోజుల్లో దుంగలు లాగడానికి అటవీశాఖ ఏనుగులను ఇలాంటి శిబిరాల్లో ఉంచేది. వాలు నేలల్లో బండి పోలేని చోటుకు ఏనుగు పోగలదు. లారీలు, క్రేన్లు వచ్చి, సహజారణ్యాల్లో నరుకుడు ఆగిపోయాక ఆ పని పోయింది. కానీ ఏనుగు అరవై ఏళ్లకు పైగా బతికే జంతువు. పని లేదని యంత్రాన్ని షెడ్డులో పడేసినట్టు దాన్ని పక్కన పెట్టలేం. అలా మిగిలిపోయిన ఏనుగులను, వాటిని చూసుకునే మావటి కుటుంబాలను పోషించడానికి కొత్త దారులు వెతకాల్సి వచ్చింది. కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ అండ్ రిసార్ట్స్ 1980లో ఏర్పడి, మొదట కబిని ఒడ్డున వసతి గృహం నడిపింది. తరవాత ఇక్కడ కావేరి ఒడ్డున కూడా కాటేజీలు కట్టింది. రాత్రి అక్కడ బస చేసి పొద్దున్నే రేవుకు వస్తే జనం తోసుకురాకముందే ఏనుగుల్ని చూడొచ్చు.

ఇక పర్యాటకం తరవాత రెండో పని మైసూరు దసరా. జంబూసవారీ ఊరేగింపులో 750 కిలోల బంగారు అంబారీ మోసే ఏనుగు, దాని వెంట నడిచే ఏనుగులు, కర్ణాటకలోని ఇలాంటి అటవీ శిబిరాల నుంచే వెళ్తాయి. దుబారె ఏనుగులు ఏటా వాటిలో ఉంటాయి. మూడో పని అడవి ఏనుగుల్ని పట్టడంలోనూ తరమడంలోనూ సాయం. ఆ పనికి తర్ఫీదైన ఏనుగునే కుంకీ అంటారు.

గొలుసు గీసిన దారి

ఉదయం రేవుకు వచ్చే ఏనుగులు రాత్రంతా కొట్టంలో నిద్రపోయి వచ్చినవి కావు. సాయంత్రం పని ముగిశాక వాటిలో చాలావాటిని కాలికి పొడవాటి గొలుసు కట్టి అడవిలోకి వదిలేస్తారు. తెల్లవారుజామున మావటి, అతని సహాయకుడు కావాడి వెతుక్కుంటూ వెళ్తారు. గొలుసు ఈడ్చుకుపోయిన చోట గడ్డి ఒక వైపు వాలి ఉంటుంది, తడి నేలలో గీత పడుతుంది, మధ్యమధ్య విరిగిన వెదురు కనిపిస్తుంది. ఆ గుర్తులు పట్టుకుని మావటి తన ఏనుగు దగ్గరికి చేరుకుంటాడు. ఈ మావటుల్లో చాలామంది జేను కురుబలు. తేనె సేకరణ వృత్తిగా తరాల తరబడి ఈ అడవుల్లోనే బతికిన ఆదివాసులు. అడవిలో జాడ తీయడం వాళ్లకు బడిలో నేర్చుకున్న విద్య కాదు.

ఏనుగును రాత్రిళ్లు ఎందుకు వదలాలి? జవాబు దాని పొట్టలో ఉంది. ఎదిగిన ఆసియా ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత తింటుంది. ఆవు, గేదె వంటివి నెమరు వేసి, నాలుగు అరల పొట్టలో మేతను పులియబెట్టి సారం లాగుతాయి. ఏనుగుకు నెమరు లేదు. దాని మేత పులిసేది జీర్ణాశయం దాటాక, పెద్దపేగు ప్రాంతంలో. ఆ పద్ధతిలో తిన్నదాంట్లో సగం కూడా ఒంటబట్టదు. మిగతాది పేడగా బయటికి వస్తుంది. కాబట్టి నాణ్యత తక్కువైన మేతను ఎక్కువ పరిమాణంలో, రోజులో పదహారు పద్దెనిమిది గంటల దాకా తింటూనే ఉండాలి. గడ్డి, వెదురు, బెరడు, వేళ్లు, కాయలు అన్నీ కావాలి. ఏ శిబిరమూ అంత వైవిధ్యాన్ని తెచ్చి పోయలేదు. రేవు దగ్గర పెట్టే రాగి ముద్ద, ఉలవలు, బెల్లం అన్నీ పైతిండి మాత్రమే, అసలు భోజనం అడవిదే.

అయితే ఆ రాగి ముద్ద ముసలి ఏనుగుకు మాత్రం ప్రాణాధారం అవుతుంది. ఏనుగుకు జీవితకాలంలో దవడకు ప్రతి పక్కా ఆరు నమిలే పళ్లు వస్తాయి, అన్నీ ఒకేసారి కాదు. నమిలే పన్ను అరిగి ముందు నుంచి ముక్కలై రాలుతుంటే, వెనక నుంచి కొత్తది ముందుకు జరిగి దాని స్థానంలోకి వస్తుంది. ఆరోది కూడా అరిగేసరికి ఏనుగుకు అరవై దాటుతాయి. అడవిలో ఆ వయసు ఏనుగు మెత్తటి గడ్డి దొరికే నీటి అంచుల్లో గడుపుతుంది, చివరికి నమలలేక చిక్కిపోతుంది. శిబిరంలో ఉడికించిన తిండి పెడతారు కాబట్టి మరికొన్నేళ్లు బతుకుతుంది.

పక్కకు ఒరిగి పడుకున్న నాలుగు టన్నులు

స్నానం మొదలవుతుంది. మావటి ఒక్క మాట అనగానే ఏనుగు మోకాళ్లు వంచి, నీళ్లలో ఒక పక్కకు ఒరిగిపోతుంది. తల సగం మునుగుతుంది, తొండం కొస మాత్రం నీటి పైన ఉంటుంది. ఊపిరి వదిలినప్పుడల్లా ఆ కొస దగ్గర నీటి తుంపర లేస్తుంది. కావాడి బ్రష్షుతో వీపు, చెవి వెనక, చంకల్లో రుద్దుతాడు. ఆ చేయి వట్టి మురికిని మాత్రమే వదిలించడం లేదు. గొలుసు ఒరిసిన చోట పుండు పడిందా, ముల్లు దిగిందా, జోరీగలు కుట్టి వాచిందా అని తడిమి చూస్తోంది. చివరికి పాదాలు పట్టుకుంటాడు. ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు సాధారణంగా నాలుగేసి గోళ్లు. గోటి అంచు చీలినా, అరికాలు పగిలి రాయి ఇరుక్కున్నా, అదే చీము పట్టి ఏనుగును నిలబడలేని స్థితికి తెస్తుంది. బందీగా ఉన్న ఏనుగులను ఎక్కువగా బాధించేవాటిలో పాదాల జబ్బులు ముఖ్యమైనవి. గట్టి నేల మీద ఒకేచోట కట్టేసి ఉంచితే ఇవి ముదురుతాయి. అడవిలో నడిచి, నదిలో నానే దుబారె పద్ధతిలోని మంచి ఇక్కడే తెలుస్తుంది.

పాదం మరో సంగతి కూడా చెబుతుంది. రేవు బురదలో ముందుకాలి ముద్ర పడినచోట దారంతో చుట్టుకొలత తీసి రెండింతలు చేస్తే, ఆ ఏనుగు భుజం దాకా ఎత్తు ఇంచుమించుగా వస్తుంది. అడవిలో కనిపించని ఏనుగు వయసును, పరిమాణాన్ని అంచనా వేయడానికి ఇది పాతకాలం నుంచీ పనికొస్తున్న లెక్క.

ఇంతకూ ఏనుగుకు నీళ్లంటే అంత మోజు ఎందుకు? దాని ఒంట్లో వేడి పుట్టే మాంసం ఎక్కువ, వేడి బయటికి పోయే చర్మం ఆ నిష్పత్తిలో తక్కువ. జంతువు పెద్దదవుతున్నకొద్దీ ఈ ఇబ్బంది పెరుగుతుంది. పైగా మనకున్నట్టు ఒళ్లంతా స్వేద గ్రంథులు లేవు, ఉన్నవి గోళ్ల దగ్గరే. అందుకే చెవులు విసురుతూ ఉంటుంది. చెవి వెనక పలచటి చర్మం కింద రక్తనాళాలు దట్టంగా ఉంటాయి, గాలికి అక్కడి రక్తం చల్లబడి ఒంట్లోకి తిరిగి వెళ్తుంది. చర్మం మీద నిలిచిన నీరు మెల్లగా ఆవిరవుతూ మిగతా పని చేస్తుంది. గంటసేపు రుద్ది తోమిన ఏనుగు గట్టెక్కగానే దుమ్ము తీసి వీపున చల్లుకోవడం చూసి జనం నవ్వుతారు. అది కొంటెతనం కాదు. తడి ఆరకుండా, ఎండ నేరుగా తగలకుండా, ఈగలు వాలకుండా అది పూసుకునే పూత.

తొండం, నీళ్లు, పూర్వీకులు

ఏనుగు దాహానికి చూరునీళ్లా అని సామెత. ఎదిగిన ఏనుగు రోజుకు వంద లీటర్లకు పైగా తాగుతుంది. తొండంతో పీల్చి, నోట్లో పోసుకుంటుంది. అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2021లో ఒక ఆఫ్రికా ఏనుగుపై చేసిన ప్రయోగంలో తొండం సెకనుకు సుమారు 3 లీటర్లు పీల్చగలదని తేలింది. పీల్చేటప్పుడు ముక్కు రంధ్రాలు వెడల్పయి, లోపల నీళ్లు పట్టే చోటు పెరుగుతుంది. ఎముక ఒక్కటీ లేని ఆ అవయవంలో కండరాల కట్టలు 40 వేలని చాలాకాలం పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయం వారు ఆసియా ఏనుగు పిల్ల తొండాన్ని స్కాన్ చేసి లెక్కపెడితే 2023లో ఆ సంఖ్య దాదాపు 90 వేలకు చేరింది. కొస దగ్గరి కట్టలు అతి సన్ననివి. ఆసియా ఏనుగు తొండం కొసకు పైన ఒక వేలు ఉంటుంది, ఆఫ్రికా ఏనుగుకు రెండు. బెల్లం ముక్క అందిస్తే దుబారె ఏనుగు దాన్ని వేలితో నొక్కి పట్టుకుని, కొస ముడిచి అందుకుంటుంది.

గజేంద్ర మోక్షం విని పెరిగిన మనకు ఏనుగుకు నేల మీదే బలం, నీళ్లలో దిగితే సగమైపోతుందన్న అభిప్రాయం ఉంటుంది. శాస్త్రం అలా చెప్పదు. ఏనుగు మంచి ఈతగత్తె. కలప పనికి అండమాన్ తీసుకెళ్లిన ఏనుగులు దీవి నుంచి దీవికి సముద్రంలో ఈదాయి. ఒళ్లంతా మునిగినా తొండం పైకెత్తి గాలి పీలుస్తుంది. ఇక్కడొక చిక్కుంది. రెండు మీటర్ల లోతులో ఛాతీ మీద నీటి ఒత్తిడి పడుతుంది, ఊపిరితిత్తుల్లోకి వచ్చే గాలి మాత్రం పైనున్న వాతావరణపు ఒత్తిడిలోదే. మనం అంత లోతు నుంచి గొట్టంతో గాలి పీలిస్తే, ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న పలచటి పొరలోని రక్తనాళాలు చిట్లుతాయి. ఏనుగులో ఆ పొరల మధ్య ఖాళీ లేదు, గట్టి సంధాయక కణజాలం నిండి ఉంటుంది. దీన్ని పాతకాలంలో జబ్బు లక్షణమని కూడా అనుకున్నారు. నీటి అడుగు నుంచి ఊపిరి పీల్చడానికి వచ్చిన ఏర్పాటు అయి ఉండొచ్చని జాన్ వెస్ట్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ప్రతిపాదించాడు.

ఏనుగుకు సజీవంగా ఉన్న దగ్గరి చుట్టాల్లో ఒకటి మన్నార్ సింధుశాఖలో, కచ్ఛ్ తీరంలో సముద్రపు గడ్డి మేసే డుగాంగ్. ఏనుగు పిండం మూత్రపిండాల్లో చేపల్లోనూ కప్పల్లోనూ కనిపించే తరహా గరాటు ఆకారపు నాళాలున్నాయని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1999లో ప్రకటించారు. ఈజిప్టులో దొరికిన, దాదాపు 3.7 కోట్ల ఏళ్ల నాటి మోరిథీరియం అనే పురాతన బంధువు దంతాలలోని ఐసోటోపులు 2008లో పరీక్షిస్తే, అది ఎక్కువ కాలం నీళ్లలో గడిపి అక్కడి మొక్కలు తిన్నదని సూచించాయి. దాని నుంచి ఏనుగు నేరుగా దిగివచ్చిందని కాదు, కానీ ఏనుగుల వంశవృక్షం నీటి ఒడ్డున మొలకెత్తిందనే వాదనకు ఇవి బలమిస్తున్నాయి. కాబట్టి కావేరి రేవులో మునిగిన ఏనుగుకు ఆ నీళ్లు కొత్త కావు.

వినపడని మాట, తుమ్మెదల సాక్ష్యం

రేవులో నాలుగైదు ఏనుగులు నిశ్శబ్దంగా నిలబడ్డాయనుకుంటాం. అవి మాట్లాడుకుంటూనే ఉండొచ్చు. 1984లో కేటీ పేన్ అనే శాస్త్రవేత్త పోర్ట్‌లాండ్ జంతుశాలలో ఆసియా ఏనుగుల దగ్గర కూర్చున్నప్పుడు చెవికి ఏమీ వినబడకుండానే గాలి అదిరినట్టు అనిపించింది. పరికరాలతో రికార్డు చేసి చూస్తే 14 నుంచి 24 హెర్ట్‌జ్ మధ్య ధ్వనులు బయటపడ్డాయి. మన చెవికి ఆనే కింది హద్దు 20 హెర్ట్‌జ్ ప్రాంతంలో ఉంటుంది. ఇంత తక్కువ పౌనఃపున్యపు ధ్వని చెట్ల మధ్య త్వరగా అణగిపోకుండా దూరం వెళ్తుంది. ఈ ధ్వని చేసేటప్పుడు తొండం మొదలు దగ్గర, నుదుటి చర్మం సన్నగా కంపిస్తుంది. గట్టు మీద ఓపికగా నిలబడితే చూడగలిగిన వివరం ఇది.

వాసన మరో భాష. మగ ఏనుగులకు యవ్వనం వచ్చాక ఏటా కొన్ని వారాలు, పెద్ద ఏనుగుల్లో కొన్ని నెలల పాటు మదం వస్తుంది. రక్తంలో టెస్టోస్టెరోన్ పదుల రెట్లు పెరుగుతుంది, కంటికీ చెవికీ మధ్య గ్రంథి నుంచి జిగట ద్రవం చెంప మీదుగా కారుతుంది. మన కావ్యాల్లో మదపుటేనుగు చెక్కిళ్ల చుట్టూ తుమ్మెదలు మూగుతాయి కదా. అది వట్టి కవిసమయం అనుకున్నారు. 2002లో రాస్ముసెన్, రిడిల్, ముదుమలై ఏనుగుల వైద్యుడిగా పేరున్న కృష్ణమూర్తి కలిసి నేచర్ పత్రికలో ఒక పరిశోధన వెలువరించారు. కుర్ర మగ ఏనుగుల మదజలంలో తియ్యటి, తేనెను తలపించే వాసన గల పదార్థాలు ఉన్నాయని, వయసు ముదిరిన కొద్దీ అవి తగ్గి ఘాటైన ఫ్రాంటాలిన్ పెరుగుతుందని చూపారు. తుమ్మెదలు మూగిన ఏనుగు ఇంకా లేత వయసుదన్న మాట. ఆ వాసన పసిగట్టి ఇతర మగ ఏనుగులు ఎవరిని ఎదిరించాలో, ఎవరికి దారి ఇవ్వాలో తేల్చుకుంటాయి.

శిబిరంలో మదం వచ్చిన ఏనుగును దూరంగా, గట్టి గొలుసులతో కట్టి ఉంచుతారు. ఏళ్ల తరబడి ముద్ద తినిపించిన మావటి మాట కూడా అప్పుడు చెల్లదు. మదం లేనప్పుడైనా పూర్తి పూచీ ఎవరూ ఇవ్వలేరు. 2024 సెప్టెంబరులో దసరా కోసం మైసూరు ప్యాలెస్‌కు వెళ్లిన దుబారె ఏనుగులు ధనంజయ, కంజన్ రాత్రి తిండి వేళ గొడవపడి, ఒకదాన్నొకటి తరుముకుంటూ ప్యాలెస్ గేటు దాటి రోడ్డెక్కాయి. మావటులు వాటిని అదుపు చేయగలిగారు, ఎవరికీ ప్రాణహాని కలగలేదు.

మచ్చిక వేరు, పెంపకం వేరు

ఆవు, కుక్క, కోడి వేల ఏళ్లుగా మనిషి ఎంపిక చేసి పెంచిన జాతులు. ఏ జంతువు దేనితో జత కట్టాలో తరతరాలుగా మనిషే నిర్ణయించాడు కాబట్టి వాటి స్వభావమే మారిపోయింది. ఏనుగు విషయంలో అది జరగలేదు. గర్భం పద్దెనిమిది నుంచి ఇరవై రెండు నెలలు, ఈతకూ ఈతకూ మధ్య నాలుగైదేళ్లు, పిల్ల పనికొచ్చేది పదిహేను ఇరవై ఏళ్లకు. అన్నాళ్లు మేపి పెంచడం కంటే ఎదిగినదాన్ని అడవి నుంచి పట్టుకోవడమే రాజులకు చవక. ఇరవై ఏళ్ల వాటిని పట్టాలి, పిల్లలను, రోగిష్టివాటిని, చూడివాటిని, పాలిచ్చేవాటిని పట్టకూడదని అర్థశాస్త్రంలో నియమాలున్నాయి. మైసూరు సంస్థానంలో సాండర్సన్ అనే ఆంగ్లేయుడు 1870లలో ఖెడ్డా పద్ధతిని స్థిరపరిచాడు. గుంపును డప్పులతో, మంటలతో తరిమి, కాకనకోటెలో కబిని నది దాటించి కంచెలోకి తోలేవారు. చివరి ఖెడ్డా 1971లో జరిగింది. ఆ చోటు తరవాత కబిని జలాశయంలో మునిగిపోయింది.

ఇప్పుడు పట్టేవి ప్రధానంగా మనుషులపై పడే ఏనుగులనే. కొడగు కాఫీ తోటల్లో పనసపళ్లకు, పండిన కాఫీ కాయలకు అలవాటుపడి కూలీలపై దాడి చేసిన ఏనుగుకు మత్తు సూది వేసి, కుంకీలతో లారీ ఎక్కించి ఇక్కడికి తెస్తారు. లావాటి దుంగలతో కట్టిన క్రాల్ అనే బోనులో వారాలు, నెలలు ఉంచుతారు. ఆకలి, భయం, తీపి, మావటి గొంతు, వీటి మధ్య అది లొంగుతుంది. తరవాత ఏర్పడే మావటి–ఏనుగు అనుబంధం నిజమైనదే, దాని మొదలు బలవంతమన్నదీ నిజమే. ఇక రాత్రి అడవిలోకి వెళ్లిన శిబిరపు ఆడ ఏనుగులు చాలాసార్లు అడవి మగ ఏనుగులతోనే జత కడతాయి. అందువల్ల గొలుసు కట్టిన ఏనుగు రక్తమూ, గొలుసు లేని ఏనుగు రక్తమూ ఒక్కటే.

కౌండిన్యకు చేరిన కుంకీలు

ఈ కథ తెలుగు నేలకూ చేరింది. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పలమనేరు, కుప్పం ప్రాంతాల రైతులు అప్పటి నుంచీ చెరకు, వరి, అరటి, మామిడి పోగొట్టుకుంటూనే ఉన్నారు. ఏనుగుల పరిశోధకుడు రామన్ సుకుమార్ 1980లలో దక్షిణ భారతంలో చేసిన అధ్యయనం ఇందులోని తర్కాన్ని విప్పింది. ఎదిగిన మగ ఏనుగులు ఆడవాటి కంటే చాలా ఎక్కువగా పంట మీద పడతాయి. అడవి గడ్డి కంటే పంటలో పోషకాలు ఎక్కువ, బలంగా ఎదిగిన మగ ఏనుగుకే జోడీ దొరుకుతుంది, కాబట్టి అది ప్రమాదానికి తెగిస్తుంది.

2024లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి, 2025 మే నెలలో నాలుగు కుంకీలు ఆంధ్రకు వచ్చాయి. వాటిని పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరంలో ఉంచారు. వాటిలో దుబారె నుంచి వచ్చినవీ ఉన్నాయి. కుంకీ గుంపును వెనక్కి తరమగలదు, గాయపడిన ఏనుగు దగ్గరికి వైద్యుణ్ని చేర్చగలదు. కానీ దానికీ హద్దులున్నాయి. 2012 నుంచి 2019 దాకా బంగారు అంబారీ మోసిన అర్జున 2023 డిసెంబరులో హాసన్ జిల్లాలో ఒక అడవి ఏనుగును పట్టే పనిలో ఉండగా, ఆ ఏనుగుతో జరిగిన పోరులో చనిపోయింది. తరిమిన గుంపు కూడా వెళ్లడానికి ఇంకో అడవి ఉంటేనే తిరిగి రాదు.

దేశంలో అడవి ఏనుగుల సంఖ్య 22,446 అని డీఎన్ఏ ఆధారంగా వేసి 2025లో విడుదల చేసిన అంచనా చెబుతోంది. అందులో 6,013 కర్ణాటకలోనే ఉన్నాయి. వాటికి చోటు, దారి దొరికినన్నాళ్లే కుంకీలు ఉపయోగపడతాయి. అడవికీ అడవికీ మధ్య దారులు మూసుకుపోకుండా చూడడం, కరెంటు తీగలు వేలాడకుండా చూడడం, పంట పోయిన రైతుకు ఆ సీజన్‌లోనే పరిహారం అందించడం, ఈ మూడూ లేకుండా ఎన్ని శిబిరాలు పెట్టినా సమస్య అక్కడే ఉంటుంది.

దుబారెకు వెళ్లేవారు పొద్దున్నే వెళ్లండి. జలుబు, దగ్గు ఉంటే ఏనుగుకు దూరంగా ఉండండి, మనిషి క్షయ క్రిమి దానికి సోకుతుంది. వెనక నుంచి వెళ్లి ముట్టుకోవద్దు, సొంతంగా తినుబండారాలు పెట్టవద్దు. ఎక్కి తిరగాలని ముచ్చటపడకుండా గట్టు మీద నిలబడి పాదాలు, చెవులు, నుదురు గమనించండి. ఎంత మచ్చికైనా అది అడవి జంతువేనని పిల్లలకు అక్కడే చెప్పండి.